గొలుసు సాంద్రత 13.2 వచ్చింది: తప్పు బంగారంలో ఉందా, కొలతలో ఉందా?

గుంటూరు నాన్న (బ్రాడీపేట) – ఆదివారం, రాత్రి 9:10

సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. ఈ వారం బడిలో సాంద్రత పాఠం చెప్పారు. ద్రవ్యరాశిని ఘనపరిమాణంతో భాగిస్తే సాంద్రత వస్తుందని, మేలిమి బంగారానికి అది ఘన సెంటీమీటరుకు 19.3 గ్రాములని నేర్చుకుని వచ్చి, ఇంట్లో ఉన్న బంగారానికి తానే లెక్క కట్టి చూస్తానని పట్టుబట్టింది. మా అమ్మగారు తన మెడలోని గొలుసు తీసి మనవరాలి చేతిలో పెట్టారు. అది ఆమె పెళ్లికి పుట్టింటివారు పెట్టిన ఐదు కాసుల గొలుసు. కాసుకు 8 గ్రాముల చొప్పున 40 గ్రాములు ఉండాలి. ఇన్నేళ్ల అరుగుదల పోను 39.62 గ్రాములు తూగింది.

50 మి.లీ. కొలజాడీలో 25వ గీత దాకా నీళ్లు పోసి గొలుసును జారవిడిస్తే నీటిమట్టం 28వ గీత దగ్గరికి వచ్చింది. అంటే ఘనపరిమాణం 3 ఘ.సెం.మీ. 39.62ను 3తో భాగిస్తే 13.2. అమ్మాయి మూడుసార్లు భాగహారం సరిచూసుకుని, నాయనమ్మ వినేలాగే "నాన్నా, ఇది బంగారం కాదా?" అని అడిగింది. మా అమ్మగారు ఒక్క మాట కూడా అనలేదు. కానీ గొలుసును మళ్లీ మెడలో వేసుకోకుండా బీరువాలో పెట్టేశారు. దాన్ని చేసిన కంసాలి వారి పుట్టింటికి ఎన్నో ఏళ్లపాటు నగలు చేసిన మనిషి, ఇప్పుడు లేరు. లేని మనిషి మీద ఇంట్లో అనుమానం నిలిచిపోవడం నాకు బాధగా ఉంది. నేను చదివింది కామర్సు. ఈ లెక్కలో తప్పు ఎక్కడ జరిగి ఉండవచ్చో తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

వన్‌టౌన్ వర్తకుడు (విజయవాడ) – ఆదివారం, రాత్రి 9:48

అయ్యా, నగలు మేలిమి బంగారంతో చేయరు గనుక 19.3తో పోల్చకూడదు. 22 క్యారట్ల నగలో నూటికి 91.67 పాళ్లు బంగారం, మిగిలిన 8.33 పాళ్లు రాగి, వెండి ఉంటాయి. రాగి సాంద్రత 8.96. అంతా రాగే కలిపారనుకుంటే 19.3లో 91.67 శాతం 17.69, 8.96లో 8.33 శాతం 0.75, రెండూ కలిపితే 18.44 రావాలి. మీకు వచ్చిన 13.2 దానికి చాలా దూరంగా ఉంది. అమ్మగారి మనసు నొప్పించాలని కాదు గాని, ఇంత తేడా ఉన్నప్పుడు ఒకసారి పరీక్ష చేయించుకోవడం మంచిదని నా అభిప్రాయం.

భౌతికశాస్త్ర అధ్యాపకుడు (సత్యనారాయణపురం, విజయవాడ) – ఆదివారం, రాత్రి 11:05

గుంటూరు నాన్నగారూ, ముందుగా ఒక మాట. మీ అమ్మాయి భాగహారంలో తప్పు లేదు. ఆమె భాగించిన "3" అన్న అంకె మీదే మనం మాట్లాడుకోవాలి.

దానికన్నా ముందు వర్తకుడుగారి లెక్కలో ఒక చిన్న సవరణ. అది చాలామంది చేసే పొరపాటే, నా విద్యార్థులు ఏటా చేస్తూ ఉంటారు. రెండు లోహాలను కలిపినప్పుడు ద్రవ్యరాశులను కూడవచ్చు, ఘనపరిమాణాలను కూడా దాదాపుగా కూడవచ్చు. సాంద్రతలను మాత్రం బరువుల శాతాల ప్రకారం కూడకూడదు. 100 గ్రాముల 22 క్యారట్ల బంగారాన్ని తీసుకోండి. అందులో 91.67 గ్రాముల బంగారం 19.3తో భాగిస్తే 4.75 ఘ.సెం.మీ. ఆక్రమిస్తుంది. 8.33 గ్రాముల రాగి 8.96తో భాగిస్తే 0.93 ఘ.సెం.మీ. ఆక్రమిస్తుంది. మొత్తం 5.68. 100ను 5.68తో భాగిస్తే 17.6 వస్తుంది. రాగి బదులు రాగి, వెండి చెరిసగం కలిపితే 17.8, అంతా వెండే కలిపితే 18.0. కాబట్టి 22 క్యారట్ల నగకు మనం ఎదురుచూడవలసింది 17.6 నుంచి 18.0 మధ్య విలువ. తేలిక లోహం బరువులో కొంచెమే ఉన్నా చోటు మాత్రం తన వాటాకు మించి తీసుకుంటుంది, అందుకే 18.44 రాదు.

ఇక కొలజాడీ సంగతి. దాని మీద గీతలు 1 మి.లీ. చొప్పున ఉన్నాయని అనుకుంటున్నాను. అలాంటి జాడీలో నీటి అంచును ఎంత జాగ్రత్తగా చూసినా అర గీత అటూ ఇటూ అవుతుంది. గొలుసు వేయకముందు ఒకసారి, వేశాక ఒకసారి చదువుతాం గనుక రెండు అరలూ ఒకే వైపు కలిసివస్తే తేడా ఒక పూర్తి మిల్లీలీటరు. అంటే మీ ఘనపరిమాణం 3 కాదు, "2కూ 4కూ మధ్య ఎక్కడో". 39.62ను 4తో భాగిస్తే 9.9, 2తో భాగిస్తే 19.8. మీ ప్రయోగం చెప్పిన మాట ఇంతే: ఈ గొలుసు సాంద్రత 9.9కీ 19.8కీ మధ్య ఉంది. వెండి, సీసం, మేలిమి బంగారం, అన్నీ ఆ పరిధిలోనే ఉంటాయి. దీన్ని పట్టుకుని ఎవరి మీదా అనుమానపడటానికి వీలు లేదని మీ అమ్మగారికి ఇప్పుడే చెప్పండి.

పైగా అది గొలుసు. కడియమైతే గాలి అంతగా నిలవదు. గొలుసులో కడీకీ కడీకీ మధ్య గాలి బుడగలు చిక్కుకుంటాయి, ఆ గాలి కూడా నీటిని పైకి నెడుతుంది. బుడగల వల్ల ఘనపరిమాణం ఎక్కువగానే కనిపిస్తుంది, తక్కువగా ఎప్పుడూ కనిపించదు. ఈ తప్పు ఒకే దిశలో పోతుంది కాబట్టి పదిసార్లు కొలిచి సగటు తీసినా పోదు.

ఇంట్లోనే చేయగల మెరుగైన పద్ధతి ఒకటి ఉంది. 0.01 గ్రాము వరకు చూపే చిన్న డిజిటల్ కాటా సంపాదించండి. దాని మీద నీళ్ల గ్లాసు పెట్టి, రీడింగును సున్నా చేయండి. గొలుసును సన్నని దారంతో పైనుంచి వేలాడదీసి, గ్లాసు అడుగుకు గాని గోడకు గాని తగలకుండా పూర్తిగా నీటిలో మునిగేలా పట్టుకోండి. నీరు గొలుసును పైకి నెట్టిన మేరకు గొలుసు నీటిని కిందికి నెడుతుంది, ఆ బలాన్నే కాటా చూపిస్తుంది. గొలుసు బరువును మోసేది మీ దారం. కాటా చూపేది గొలుసు తొలగించిన నీటి బరువు మాత్రమే. 30 డిగ్రీల దగ్గర నీటి సాంద్రత 0.9957 గనుక ఆ రీడింగును దానితో భాగిస్తే గొలుసు ఘనపరిమాణం వస్తుంది. 22 క్యారట్లయితే కాటా 2.2 గ్రాములకు కాస్త అటూ ఇటూగా చూపాలి.

ఆర్కిమిడిస్ కిరీటం కథలో నీళ్లు పొర్లిపోయాయని అందరం చెప్పుకుంటాం. కానీ అలా పొర్లిన నీటిని కొలవడం మొరటు పద్ధతి అని, నీటిలో తూచడమే సరైనదని 1586లోనే, 22 ఏళ్ల వయసులో, గెలీలియో ఒక చిన్న వ్యాసంలో వాదించాడు. మీ అమ్మాయికి ఈ సంగతి నచ్చుతుందని అనుకుంటున్నాను.

వన్‌టౌన్ వర్తకుడు – సోమవారం, ఉదయం 7:30

అధ్యాపకులవారికి ధన్యవాదాలు. 18.44 అని ఇన్నేళ్లుగా నేను నమ్ముతూ వచ్చాను, ఈ రోజు దిద్దుకున్నాను. నిన్నటి నా మాట తొందరపాటు మాట. గుంటూరు సోదరులు అమ్మగారికి నా తరఫున క్షమాపణ చెప్పాలి.

వృత్తిపరంగా ఒక విషయం కలుపుతాను. చేతిపని గొలుసులో ప్రతి కడీ దగ్గరా టంకం, అంటే అతుకు వేసే లోహం, ఉంటుంది. టంకం నగకన్నా తక్కువ వేడికి కరగాలి, అందుకని పాతకాలంలో టంకంలో రాగి, వెండి ఎక్కువ పాళ్లు కలిపేవారు. కడీలు ఎంత ఎక్కువైతే టంకం అంత ఎక్కువ. కాబట్టి పాత గొలుసును మొత్తంగా తీసుకుంటే నికరం 22 క్యారట్లకు కొంచెం తగ్గడం సహజం, అది కంసాలి మోసం కాదు.

ఇంటర్ విద్యార్థిని (గుణదల) – సోమవారం, సాయంత్రం 6:15

నాకు ఒక సందేహం ఉంది. సాంద్రత ఎక్కువంటే పదార్థం చిక్కగా ఉన్నట్టే కదా? మరి ఆముదం అంత చిక్కగా ఉండి కూడా నీటి మీద ఎందుకు తేలుతుంది?

భౌతికశాస్త్ర అధ్యాపకుడు – సోమవారం, రాత్రి 8:20

చాలా మంచి ప్రశ్నమ్మా. మన భాషలో "చిక్కన" అనే ఒక్క మాటతో రెండు వేరు గుణాలను చెబుతాం. పారడానికి ద్రవం చూపే అయిష్టత స్నిగ్ధత. ఒకే చోటులో ఎంత పదార్థం ఇమిడి ఉందన్నది సాంద్రత. గది ఉష్ణోగ్రత దగ్గర ఆముదం స్నిగ్ధత నీటికి కొన్ని వందల రెట్లు ఉంటుంది, సాంద్రత మాత్రం 0.96 దగ్గరే. పాదరసం ఆముదంలా మందగించకుండా చకచకా జారుతుంది, కానీ సాంద్రత 13.6. తేలడమా మునగడమా అన్నది సాంద్రతకు సంబంధించిన విషయం, పారడం స్నిగ్ధతకు సంబంధించిన విషయం. ఒకదాన్ని చూసి రెండోదాన్ని ఊహించవద్దు.

పాల కేంద్రం అనుభవం (గుంటూరు దగ్గరి పల్లె) – సోమవారం, రాత్రి 9:00

చిక్కదనం మాట వచ్చింది గనుక చెబుతున్నాను. మా ఊళ్లో కొన్నేళ్లు పాలు పోయించుకునే పని చేశాను. లాక్టోమీటరు చూపేది సాంద్రతనే. రీడింగు 30 అంటే సాంద్రత 1.030. ఆ పాలలో నూటికి పది వంతులు నీళ్లు కలిపితే, 900 మి.లీ. పాలు 927 గ్రాములు, 100 మి.లీ. నీళ్లు దాదాపు 99.7 గ్రాములు, మొత్తం లీటరుకు 1026.7 గ్రాములు. రీడింగు 27కు దిగిపోతుంది, దొరికిపోతారు.

అయితే వెన్న నీటికన్నా తేలిక. వెన్న తీసేసిన పాల సాంద్రత 1.035 దాకా పెరుగుతుంది. ఆ పాలు 900 మి.లీ.కు 931.5 గ్రాములు, దానికి 100 మి.లీ. నీళ్లు చేరిస్తే 1031.2. రీడింగు 31. వెన్నా పోయింది, నీళ్లూ కలిశాయి, లాక్టోమీటరు మాత్రం "మంచి పాలు" అంటుంది. అందుకనే వెన్న శాతం వేరుగా పరీక్షిస్తారు. సాంద్రత ఒక్కటే చూసి పదార్థం ఏమిటో తేల్చేయకూడదని నాకు ఆ బల్ల దగ్గరే తెలిసింది. గొలుసు విషయంలోనూ ఇది గుర్తుంచుకోండి. ఇంకొక మాట, అప్పుడే పితికిన నురుగు పాలలో లాక్టోమీటరు వేస్తే రీడింగు తక్కువ వస్తుంది. నురుగు తేరుకునే దాకా ఆగేవాళ్లం. మీ గొలుసులో బుడగల బాధ, మా పాలలో బుడగల బాధ ఒక్కటే.

ఆటోనగర్ బ్యాటరీ పని (విజయవాడ) – మంగళవారం, మధ్యాహ్నం 2:10

మా పనిలో సాంద్రత అనం, గ్రావిటీ అంటాం. ఇన్వర్టర్ బ్యాటరీ నిండుగా ఛార్జయితే యాసిడ్ గ్రావిటీ 1.250 దగ్గర ఉంటుంది, దిగిపోతే 1.150కన్నా కిందికి పోతుంది. ఛార్జి దిగేటప్పుడు యాసిడ్ ప్లేట్లతో కలిసి నీరు మిగులుతుంది గనుక గ్రావిటీ పడిపోతుంది. కొత్తగా నీళ్లు పోసిన వెంటనే కొలిస్తే పైపొరలో నీళ్లే ఉండి తప్పు అంకె వస్తుంది, అందుకని ఛార్జింగు పెట్టి బాగా కలిశాకే చూడాలి. ఎండాకాలంలో కొలిచిన రీడింగును వేడికి సరిచేసుకోకపోతే మంచి బ్యాటరీని కూడా పాడైందని పక్కన పెట్టేస్తాం.

బంకు ఉద్యోగి (విజయవాడ) – మంగళవారం, రాత్రి 10:30

వేడి సంగతి మా దగ్గర ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. బంకులో బోర్డు మీద రాసే పెట్రోలు సాంద్రత 15 డిగ్రీల ఉష్ణోగ్రతకు మార్చిన విలువ. విజయవాడ ఎండలో 40 డిగ్రీల పెట్రోలును జాడీలో పోసి హైడ్రోమీటరు (ద్రవంలో తేలుతూ దాని సాంద్రత చూపే గాజు గొట్టం) వేస్తే ఘనపు మీటరుకు సుమారు 20 కిలోలు తక్కువ కనిపిస్తుంది. దాన్ని చూసి కల్తీ అని గొడవపడినవారు ఉన్నారు. పట్టిక సాయంతో 15 డిగ్రీలకు మార్చాకే పెట్రోలు లోడుతో వచ్చిన చలానాలోని విలువతో పోల్చాలి, అప్పుడు తేడా 3 కిలోలకు మించకూడదు. ఈ పరీక్ష చేసి చూపమని అడిగే హక్కు వినియోగదారుడికి ఉంది.

ఇల్లు కట్టుకుంటున్నాను (తాడేపల్లి) – బుధవారం, ఉదయం 6:50

ఈ చర్చ చదివాక నా ఇసుక గొడవ నాకు అర్థమైంది. కాస్త పెద్దగా రాస్తున్నాను, క్షమించాలి.

మా పనికి కృష్ణా ఇసుక ట్రాక్టర్ల మీద తెప్పించాను. యూనిట్ లెక్కన మాట్లాడుకున్నాం. యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు, అంటే 2.83 ఘనపు మీటర్లు. ట్రక్కు తొట్టిని టేపుతో కొలిచి సరిగ్గానే తీసుకున్నాను. అయినా మేస్త్రీ వేసిన అంచనాకన్నా ఇసుక ముందే అయిపోయింది. ఎవరో దించుకుపోయారని పనివాళ్లను అనుమానించాను. ఇప్పుడు ఆ మాట తలచుకుంటే సిగ్గుగా ఉంది.

నిన్న ఒక పెయింటు బకెట్టుతో కొలిచి చూశాను. 20 లీటర్లని రాసి ఉన్న ఆ బకెట్టులో నిండుగా నీళ్లు పోసి తూస్తే 21.4 కిలోలు వచ్చాయి, కాబట్టి 20 కిలోల నీరు నిలిచిన చోట గీత పెట్టుకున్నాను. బాగా ఎండిన ఇసుకను ఆ గీత దాకా వదులుగా పోస్తే 31.2 కిలోలు తూగింది. అంటే ఘనపు మీటరుకు 1560 కిలోలు. అదే ఇసుకలో నూటికి ఐదు వంతుల బరువు నీళ్లు చల్లి, కలిపి, మళ్లీ గీత దాకా పోస్తే 25.8 కిలోలే తూగింది. తడిసిన ఇసుక బరువెక్కాలి కదా అని నేను రెండుసార్లు తిరగబోసి చూశాను, అంతే వచ్చింది. అంటే ఘనపు మీటరుకు 1290, అందులో నీళ్లు తీసేస్తే ఎండు ఇసుక 1229 కిలోలు. ఒక యూనిట్‌లో నాకు 4.4 టన్నుల ఎండు ఇసుక రావలసింది, 3.5 టన్నులే వచ్చింది. తొట్టి నిండుగానే ఉంది, ఎవరూ దొంగిలించలేదు. ఇలా ఎందుకు జరుగుతుందో అధ్యాపకులవారు చెప్పగలరా?

నిర్మాణ ఇంజనీరు (మంగళగిరి) – బుధవారం, ఉదయం 8:15

ఇది నా పని గనుక నేను చెబుతాను. దీన్ని ఇసుక పొంగడం అంటాం. కొద్దిగా తడిసినప్పుడు ప్రతి రేణువు చుట్టూ పలుచని నీటిపొర ఏర్పడి, దాని తలతన్యత వల్ల రేణువులు ఒకదానికొకటి దగ్గరగా సర్దుకోలేక ఎడంగా నిలబడిపోతాయి. నూటికి ఐదారు వంతుల తేమ దగ్గర ఘనపరిమాణం 20 నుంచి 30 శాతం పెరగడం మామూలే. మీది 27 శాతం వచ్చింది. సన్న ఇసుక అయితే ఇంకా ఎక్కువ పొంగుతుంది. అదే ఇసుకను పూర్తిగా నీటిలో ముంచేస్తే ఆ పొరలు పోయి మళ్లీ ఎండు ఇసుక అంత చోటుకే దిగిపోతుంది. ఒక గాజు జాడీలో తడి ఇసుక పోసి మట్టం గుర్తుపెట్టి, నీళ్లతో ముంచి, కలియబెట్టి మళ్లీ చూడండి. మట్టం ఎంత దిగిందో అంతా పొంగిన చోటే. భారతీయ ప్రమాణం ఐఎస్ 2386 మూడో భాగంలో 1963 నుంచీ ఈ పరీక్ష ఉంది.

ఇక్కడ "సాంద్రత" అన్న మాటకు రెండు అర్థాలు ఉన్నాయని గమనించండి. ఇసుక రేణువు సాంద్రత సుమారు 2650. అది తడిసినా, ఎండినా, తొక్కినా మారదు. మీరు బకెట్టుతో కొలిచింది రాశి సాంద్రత, అంటే రేణువులతో పాటు వాటి మధ్య ఖాళీని కూడా ఘనపరిమాణంలో కలుపుకున్న సాంద్రత. 1560ని 2650తో భాగిస్తే 0.59, అంటే మీ ఎండు ఇసుక బకెట్టులో నూటికి 41 వంతులు ఖాళీయే. గుంటూరు యార్డులో మిర్చి టిక్కీ (బస్తా) తొక్కి కుడితే ఒక బరువు, వదులుగా నింపితే మరొక బరువు తూగేది కూడా ఇందువల్లనే. కాయ మారలేదు, కాయల మధ్య ఖాళీ మారింది.

యూనిట్ లెక్కన తడి ఇసుక కొంటే మీకు 21 శాతం నష్టం. టన్ను లెక్కన కొంటే అందులో 48 కిలోలు మాత్రమే నీరు, నష్టం 5 శాతంలోపే. తడి ఇసుక వచ్చినప్పుడు తూకానికే కొనండి. కాంక్రీటులో డబ్బా కొలతతో ఇసుక వేసేటప్పుడు కూడా పొంగును లెక్కలోకి తీసుకోమని మేస్త్రీకి చెప్పండి, లేకపోతే ఇసుక తక్కువ పడి మిశ్రమం పాళ్లు మారిపోతాయి.

ఇల్లు కట్టుకుంటున్నాను – బుధవారం, మధ్యాహ్నం 1:00

కృతజ్ఞుణ్ణి. ఎండు ఇసుక బకెట్టులో నీళ్లు పైకి కనిపించేదాకా పోసి చూశాను, 7.9 లీటర్లు పట్టింది. మీ లెక్క ప్రకారం 8.2 పట్టాలి. మిగిలింది లోపల చిక్కుకున్న గాలేనని అనుకుంటున్నాను. సాయంత్రం పనివాళ్లతో కూడా మాట్లాడతాను, వాళ్లకు నేనొక మాట బాకీ ఉన్నాను.

గుంటూరు నాన్న – బుధవారం, రాత్రి 9:35

కాటా తెప్పించి ఈ రోజు ప్రయత్నించాం. దారంతో వేలాడదీసి మూడుసార్లు చూస్తే 2.61, 2.44, 2.52 వచ్చాయి. రీడింగు నిలకడగా ఉండటం లేదు. 13 నుంచి 15, 16కు వచ్చాం గనుక అమ్మాయికి ఉత్సాహం పెరిగింది, కానీ ఇంకా 17.6 రాలేదు. ఎక్కడ సరిచేసుకోవాలి?

భౌతికశాస్త్ర అధ్యాపకుడు – బుధవారం, రాత్రి 10:20

నాలుగు సంగతులు చూడండి. ఫ్యాను ఆపేయండి, ఆ గాలి కాటా పళ్లేన్ని ఊపుతుంది. మీరు వాడింది నూలు దారమైతే అది నీళ్లు పీలుస్తుంది, చేపల గాలానికి కట్టే సన్నని నైలాన్ దారం వాడండి. కుళాయి నీటిలో కరిగి ఉన్న గాలి లోహం మీద బుడగలుగా చేరుతుంది, కాబట్టి కాచి చల్లార్చిన నీళ్లు తీసుకుని, అందులో గిన్నెలు తోమే ద్రవం ఒక్క చుక్క వేయండి. అప్పుడు నీరు కడీల లోపలికి సులువుగా పాకుతుంది. చివరగా, గొలుసును చేత్తో కాకుండా ఒక కర్రకు కట్టి, రెండు డబ్బాల మీద ఆ కర్రను ఆనించండి. రీడింగులు 0.02లోపు తేడాతో మూడుసార్లు వరుసగా వచ్చేదాకా ఏ అంకెనూ నమ్మవద్దు.

డెల్టా రైతు (తెనాలి వైపు) – గురువారం, ఉదయం 5:40

మా ఇంట్లో నారు పోసే ముందు వరి విత్తనాన్ని ఉప్పునీళ్లలో వేసి చూస్తాం. కోడిగుడ్డు అడుగున పడుకోకుండా, రూపాయి బిళ్లంత మేర పైకి కనిపించేలా తేలేదాకా నీళ్లలో ఉప్పు కలుపుతాం. ఆ నీళ్లలో విత్తనం పోస్తే తాలు గింజలు తేలతాయి, నిండు గింజలు మునుగుతాయి. మునిగినవాటిని వెంటనే రెండు మూడుసార్లు మంచినీళ్లతో కడగాలి, ఉప్పు మిగిలితే మొలక దెబ్బతింటుంది. వట్టి నీళ్లలో అయితే అరకొర గింజ కూడా మునిగిపోతుంది. మా నాన్న చూపించిన పని ఇది, అదీ సాంద్రత పాఠమేనని ఈ చర్చ చూశాక అనిపించి రాశాను.

భౌతికశాస్త్ర అధ్యాపకుడు – గురువారం, ఉదయం 8:00

రైతుగారూ, మీ గుడ్డు ఒక హైడ్రోమీటరు. తాజా గుడ్డు సాంద్రత సుమారు 1.08, అది తేలిందంటే మీ నీళ్లు అంతకు మించాయని అర్థం. నిల్వ గుడ్డు తేలికవుతుంది గనుక తాజాదే వాడాలి.

విద్యార్థులకు ఇందులో ఒక హెచ్చరిక కూడా ఉంది. ఒక కిలో నీటిలో 120 గ్రాముల ఉప్పు కరిగిస్తే, 20 డిగ్రీల దగ్గర విడివిడిగా నీరు 1002 మి.లీ., ఉప్పు 55 మి.లీ. కలిపి 1057 మి.లీ. రావాలి. కరిగాక నిజంగా ఉండేది 1041 మి.లీ. మాత్రమే, సాంద్రత 1.076. లోహాల మిశ్రమంలో ఘనపరిమాణాలు "దాదాపుగా" కలుస్తాయని మొన్న నేను రాసినప్పుడు ఆ మాట వేసింది ఇందుకే. ద్రావణాల్లో అది కూడా నిలవదు. ద్రవ్యరాశి ఒక్కటే చెక్కుచెదరకుండా కూడుతుంది.

గుంటూరు నాన్న – శుక్రవారం, రాత్రి 8:45

ఈ రోజు మా అమ్మగారు కూడా ప్రయోగానికి కూర్చున్నారు. "ముందు దాని జిడ్డు వదలగొట్టండి, ఇన్నేళ్ల పసుపూ చెమటా కడీల్లోనే ఉన్నాయి" అని, కుంకుడుకాయలు ఉడికించి, మెత్తని బ్రష్షుతో ఆమే రుద్దారు. ఆరిన తర్వాత తూస్తే 39.57 వచ్చింది. ఆ 0.05 గ్రాముల జిడ్డు బంగారం కాదు కదా, చోటు మాత్రం బాగానే ఆక్రమించి ఉంటుంది.

అధ్యాపకులవారు చెప్పిన నాలుగూ చేశాం. ఫ్యాను ఆపేసి ముగ్గురం చెమటలు కక్కుతూ చూశాం. నీటిలో గొలుసును మెల్లగా ఆడిస్తే కొక్కెం దగ్గర నుంచి చిన్న చిన్న బుడగలు వరుసగా పైకి వచ్చాయి. అవి ఆగాక రీడింగులు 2.27, 2.28, 2.27. నీరు 30 డిగ్రీలు. సగటు 2.273ను 0.9957తో భాగిస్తే 2.283 ఘ.సెం.మీ. 39.57ను దానితో భాగిస్తే 17.33.

భౌతికశాస్త్ర అధ్యాపకుడు – శుక్రవారం, రాత్రి 9:30

చాలా చక్కగా చేశారు. రీడింగులో 0.02 తప్పు ఉండవచ్చనుకుంటే మీ విలువ 17.2కూ 17.5కూ మధ్య ఉంటుంది. 21 క్యారట్లకు కలిపిన లోహాన్ని బట్టి 16.9 నుంచి 17.5 దాకా, 22 క్యారట్లకు 17.6 నుంచి 18.0 దాకా వస్తుంది. మీ గొలుసు 21 క్యారట్ల పై అంచున, 22 గడప దగ్గర నిలిచింది. వర్తకుడుగారు చెప్పిన టంకాన్ని, ఇంకా లోపల మిగిలిన ఒకటి రెండు బుడగలను తలచుకుంటే ఇది న్యాయమైన నగ. 13.2 నిజమై, కలిపింది రాగి అయి ఉంటే బంగారం నూటికి 60 పాళ్లే ఉండేది, అంటే 14 క్యారట్లు. ఆ నగ ఎర్రగా కనిపించేది, పట్టుమని పదేళ్లు వాడకముందే మీ అమ్మగారే గుర్తుపట్టేవారు.

అయితే సాంద్రత ఒక్కటే నగ శుద్ధికి సాక్ష్యం కాదు. టంగ్‌స్టన్ సాంద్రత 19.25, బంగారానికి అంత దగ్గర. సన్నని కడీల గొలుసులో అలాంటి మోసానికి చోటు లేదు గనుక మీరు దాని గురించి ఆలోచించనవసరం లేదు.

వన్‌టౌన్ వర్తకుడు – శుక్రవారం, రాత్రి 9:50

అమ్మగారికి నా నమస్కారాలు. 2023 ఏప్రిల్ 1 నుంచి దుకాణంలో అమ్మే హాల్‌మార్కు నగ మీద అక్షరాలు, అంకెలు కలిసి మొత్తం ఆరు ఉండే గుర్తింపు సంఖ్య తప్పనిసరి. అలాంటి ముద్ర లేని పాత నగను కూడా హాల్‌మార్కింగు కేంద్రంలో పరీక్షింపజేసుకోవచ్చు. అక్కడ ఎక్స్‌రే యంత్రం చెప్పేది పైపొర సంగతి మాత్రమే, కాబట్టి రెండు మూడు చోట్ల, ఒకటి టంకం దగ్గర, ఒకటి కడీ మీద చూడమని అడగండి. అమ్ముకునే ఆలోచన లేకపోతే ఆ అవసరం కూడా లేదు.

గుంటూరు నాన్న – శనివారం, ఉదయం 7:15

అమ్మే ఆలోచన లేదు. గొలుసు రాత్రే మా అమ్మగారి మెడలోకి వెళ్లిపోయింది. అమ్మాయి తన నోటుపుస్తకంలో 17.33 అని రాసి, దాని కింద "నీరు 30 డిగ్రీలు, మూడు రీడింగులు, 17.2 నుంచి 17.5" అని చేర్చింది. ఆదివారం నాటి 13.2ను కొట్టేయమని నేను చెప్పాను. కొట్టేయనని, అది కూడా కొలతేనని అంటూ, దాని పక్కన "ఘనపరిమాణం 2కూ 4కూ మధ్య" అని ఎర్ర సిరాతో రాసుకుంది. ఇప్పుడు వంటింట్లో పాత ఇత్తడి చెంబు కోసం వెతుకుతోంది. ఆ చెంబు మా 500 గ్రాముల కాటా మీద పెట్టిన గ్లాసులో పట్టదు గనుక, దానికి ఏ పద్ధతి మంచిదో వీలైనప్పుడు అధ్యాపకులవారు చెప్పగలరు.

భౌతికశాస్త్ర అధ్యాపకుడు – శనివారం, ఉదయం 9:00

చెంబు కోసం పద్ధతిని తిరగేసి, కూరగాయలు తూచే పెద్ద కాటాను వాడదాం. కొక్కెం ఉన్న కాటాకు చెంబును వేలాడదీసి గాలిలో ఒకసారి, బకెట్టు నీళ్లలో పూర్తిగా మునిగాక ఒకసారి తూచండి. రెండు తూకాల తేడాయే తొలగిన నీటి బరువు. ముంచేటప్పుడు చెంబును పక్కకు వంచి లోపలి గాలి అంతా పోయాక నిలబెట్టాలి. ఇత్తడికి 8.4 నుంచి 8.7 వరకు రావాలి. చెంబు మూతి చుట్టలో గాలి దాగి ఉంటుంది, అక్కడ జాగ్రత్త.